అద్దాల మేడలో జర్మనీ

"పారిస్‌లో ఈఫిల్ పక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటుంటే చాలు సుబ్బమ్మా" అన్నాను దిగులుగా.

వంటింట్లో గరిటె ఆగింది. "యా పిల్ల పక్కన?"

అది పిల్ల కాదు, ఇనుప గోపురమని మా ఆవిడకు నచ్చజెప్పేసరికి పప్పు మాడింది. ఆ రోజుల్లో మా ఇంట్లో మాడనిదంటూ లేదు, నా మొహంతో సహా.

సంగతేమిటంటే, మూడో తరగతి పిల్లల కోసం ఎప్పుడో 'లోకంలో పిల్లలు' అని ఒక వాచకం రాశాను. అప్పట్లో తెలుగులో అలాంటిది వెతికినా దొరికేది కాదు. మంచుదేశపు పిల్లలేం తింటారో, ఎడారి పిల్లలెక్కడ పడుకుంటారో అంతా లైబ్రరీలో కూర్చుని చదివి రాసిందే. నేను దాటిన సాగరం హుస్సేన్‌సాగరమొక్కటే, అదీ బస్సులో.

ఒక్కొక్క బడీ ఆ పుస్తకాన్ని వదిలేయగా, చివరికి మదీనాగూడలో మా వీధి బడి ఒక్కటే మిగిలింది. పిల్లల తండ్రులు కంప్యూటర్ ఉద్యోగాల మీద విదేశాలు తిరిగొస్తున్నారట. రాసినాయన ఏ దేశం చూశాడని అడుగుతున్నారట. హెడ్‌మిస్ట్రెస్ సౌజన్యగారు ఆ మాట చెప్పగానే నా నోరు ఊరుకోక, పారిస్ అంటే ఈఫిల్ చూపించమంటారని, "జర్మనీ" అంది. అయితే బడి తెరిచాక ఫోటో తెచ్చి చూపించండి, పుస్తకం ఉంచుతామన్నారామె.

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచింది. దాని ముందు నిలబడితే జర్మనీ కాదనడానికి జర్మన్లకే ధైర్యం చాలదు. మే నెల ఎండలో స్వెట్టరూ మఫ్లరూ తొడిగాను. చలిదేశంలో ముక్కు కారుతుందంటారు. నాకు ఒళ్ళంతా కారింది.

ఎదురుగా సుబ్బమ్మ కెమెరా ఎత్తింది. ఆమె వెనకాలే, అక్కడి రాళ్ళ గుట్ట మీద బర్రెలు మేపుకునే పెంటయ్య తన మందను తోలుకొచ్చాడు.

"సారూ, జర జరుగుండ్రి. ఇగ మాకు మిగిలింది గీ దారొక్కటే."

జరిగితే జర్మనీ జారిపోతుందని నేను జరగలేదు. "మేడంతా పడుతోందా?" అని అరిచాను.

"అన్నీ పడతాండాయి" అంది సుబ్బమ్మ.

ఫోటో చేతికొచ్చాక అందులో నా మొహమే చూసుకుని మురిశాను. ఇంత చిన్నది పిల్లలకేం కనబడుతుందని, స్టూడియోలో దాన్ని గోడకు తగిలించేంత పెద్దది చేయించింది సుబ్బమ్మే. జూన్‌లో బడి తెరిచాక, తరగతిలో అందరి ముందూ ఆ చుట్ట విప్పాను.

ఒక పాప లేచింది. "సార్, జర్మనీలో బర్రెలుంటాయా?"

చూశాను. నా భుజం పక్కన, మేడ అద్దంలో, రాళ్ళ గుట్ట, పెంటయ్య, బర్రెల మంద, వాటి ముందు కొంగు నెత్తిన కప్పుకుని కెమెరా పట్టుకున్న సుబ్బమ్మ.

"ఆ జర్మనీ ఆంటీ గుమ్మంలో ఉంది సార్" అన్నాడింకొకడు.

సుబ్బమ్మ లోపలికొచ్చింది. "ఇది మాదాపూరు నాయనా. ఈయన యా దేశమూ పోలేదు. పోలేనోళ్ళ కోసమే రాసినారు. పోయొచ్చినోళ్ళకు పుస్తకమెందుకు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"మరి ఆ బర్రెలిప్పుడు ఎక్కడున్నాయి సార్?" అంది పాప.

ఆ గుట్ట చుట్టూ అప్పటికే కంచె పడింది. "తెలీదమ్మా. చూడలేదు" అన్నాను. చూడనిదాన్ని చూడలేదని నేననడం అదే మొదలు.

సౌజన్యగారు పుస్తకం నా చేతికిచ్చేశారు. ఫోటో మాత్రం గోడకు తగిలించుకున్నారు, 'మన ఊరు' పాఠానికి పనికొస్తుందని.