సింహాద్రి ఒంట్లో చక్కెర

ఆ సోమవారం సింహాద్రి పెట్టుకున్నది చాలా చిన్న పని. పొద్దున్నే చద్దన్నం తిని, తొలి పడవలో కొత్తపేట వెళ్ళి, డాక్టరుగారి చేత "ఇతడు ఆరోగ్యవంతుడు" అని ఓ కాగితం మీద రాయించుకుని, మధ్యాహ్నం పడవల వేళకు మళ్ళీ లాకు దగ్గరికి వచ్చేయాలి. కాలవలో పడవల్ని దాటించే ఆ లాకు తలుపుల దగ్గర అతను పదకొండేళ్ళుగా తాత్కాలికపు లస్కరు. పదకొండేళ్ళు ఆ బరువు తలుపులు తెరిచి మూసినవాడి ఒంట్లో బలముందో లేదో తలుపుల్ని అడిగినా చెప్పేవి. సర్కారు తలుపుల మాట వినదు. కాగితం వస్తే ఉద్యోగం పర్మినెంటు, లాకు గట్టు మీది రెండు గదుల పెంకుటిల్లు బతికినన్నాళ్ళూ సింహాద్రిది. రాకపోతే రెండూ పోతాయి.

సింహాద్రికి భయం వేస్తే కడుపు ఉబ్బుతుంది. ఉబ్బితే చుక్కలు వేసుకుంటాడు. కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు మూడూ పొడి సరుకులే, కానీ ఓ సీసాలో వేసి కదిపితే నీళ్ళయిపోతాయి. చచ్చిపోయిన తల్లి నేర్పిన మందు అది. ఆవిడ చెప్పిన కొలత అయిదు చుక్కలు. ఆ రోజు భయానికి తగ్గట్టు ముప్ఫై వేసుకున్నాడు.

"అవతలికి పోయి తాగు మావా! ఆ కంపుకి నాకు డోకొస్తంది," అంది అతని భార్య వీరాయమ్మ, ముక్కు మీద కొంగు కప్పుకుని. ఆవిడ గుండ్రాయిలాంటి మనిషి. పదహారేళ్ళ కాపురంలో ఆవిడ మంచాన పడింది రెండు పురుళ్ళప్పుడే. ఆ ఇద్దరు పిల్లలూ దక్కలేదు.

డాక్టరు కనకరాజుగారు మద్రాసులో చదువుకొచ్చినవారు. గాజు గొట్టంలో నీలిమందు పోసి, సింహాద్రి పట్టిచ్చిన మూత్రం ఎనిమిది చుక్కలు కలిపి, దీపం మీద కాచారు. నీలం పచ్చబడింది, పచ్చ పసుపయింది, పసుపు కాస్తా కాల్చిన ఇటుక రంగులో ఆగింది.

"నీకు చక్కెర జబ్బోయ్."

"చక్కెరాండీ? యుద్ధం ఆగి ఏడాదైనా రేషనులో నెలకి గుప్పెడే ఇస్తన్నారు. ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"రేషను షాపు నుంచి వచ్చేది కాదయ్యా ఇది. నెల్లాళ్ళు టైమిస్తాను. బెల్లం, చక్కెర, వరన్నం ముట్టుకోకు. జొన్నన్నం, ఉలవలు, శనగలు, కాకరకాయ తిను. తగ్గితే సంతకం పెడతాను."

"ఆయ్," అన్నాడు సింహాద్రి.

కోనసీమలో వరన్నం తినొద్దనడం, చేపని గట్టు మీద కాపురం పెట్టమనడం ఒకటే. అయినా తిన్నాడు. పడవ నడిపే నూకరాజు పై ఊళ్ళ నుంచి జొన్నలు తెచ్చిపెట్టాడు. పూటకో సేరు ఉలవలూ శనగలూ తిన్న మనిషి కడుపు ఏమవుతుంది? ఉబ్బింది. ఉబ్బినప్పుడల్లా చుక్కలు వేసుకున్నాడు. జబ్బు తగ్గాలని తింటున్నాడు, తిన్నందుకు తాగుతున్నాడు. మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. చిక్కడం కూడా ఆ జబ్బు గుణమేనని చూసినవాళ్ళంతా తలలూపారు.

"నీ వాటా చక్కెర పారేత్తామా ఏంటి, పాలల్లో కలిపి నేనే తాగేస్తన్నాను," అనేది వీరాయమ్మ. అతనికి నోరూరుతుందని ఆవిడ ఆ గ్లాసు తలుపు చాటున తాగేది.

ఊరికి మాత్రం వేరే అనుమానం వచ్చింది. రేషను చక్కెర బస్తాలు ఆ లాకు దాటే దిగువకు పోతాయి. తినకుండా ఒంట్లో చక్కెర పుడుతుందా? ఎక్కడో ఓ బస్తా దిగి ఉంటుంది. ఈ మాట లాకుల మీద పెత్తనం చేసే ఓవర్సీరు మాణిక్యాలరావుగారి దాకా పోయింది. లస్కరు ఉద్యోగానికి ఆయన బావమరిది ఒకడు కాచుకుని ఉన్నాడు గనక, మాట ఆయనకు త్వరగానే వినపడింది. మర్నాడే వచ్చి ఇల్లు సోదా చేశారు. గూట్లో పొట్లం విప్పేసరికి తెల్లగా మెరిసే పలుకులు కనపడ్డాయి.

"ఇదేంట్రా?"

"అది పిప్పరమెంటు పువ్వండి బాబూ, తినకండి..."

"నాకే కతలా?" అంటూ ఆయన చిటికెడుకి ఎక్కువే నోట్లో వేసుకున్నారు.

ముందు ఆయన మొహం ఎర్రబడింది. తరవాత కళ్ళ నీళ్ళు కారాయి. వీరాయమ్మ చెంబుతో నీళ్ళిస్తే గటగటా తాగారు. నీళ్ళు తగిలేసరికి మంట మంచయి, ఆ మంచే మళ్ళీ మంటయింది. ఓవర్సీరుగారు నాలుక బయటపెట్టి లాకు గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తడం మూడు పడవల జనం చూశారు. సోదాలో చక్కెర దొరకలేదు. ఓవర్సీరుగారికి పగ దొరికింది.

"ముప్ఫయ్యో తారీకులోగా కాగితం రాలేదో, ఇల్లు ఖాళీ చేస్తావు," అన్నారాయన మాట తిరిగాక.

నెల తరవాత చేసిన రెండో పరీక్షలో రంగు ఇంకా ముదిరింది. "నువ్వు దొంగతనంగా తింటున్నావు," అని డాక్టరుగారు కోప్పడ్డారు. ఇరవై తొమ్మిదిన ఆఖరుసారి రమ్మన్నారు.

ఆ ఉదయం ఉపాయం చెప్పింది నూకరాజు.

"బావా, నీ నీళ్ళే కావాలని రాసుందా? ఇంట్లో సిద్ధం చేసి పట్టుకుపో. చెల్లెమ్మకి ఏ రోగమూ లేదు గదా!"

సింహాద్రి భార్య మొహం చూశాడు. వీరాయమ్మ నవ్వింది. "నా కాడ ఇంకేముంది మావా నీకివ్వడానికి? అదన్నా పట్టుకుపో."

ఇంట్లో వేరే సీసా లేక, ఖాళీ అయిన చుక్కల సీసానే కడిగి అందులో పోసి ఇచ్చింది.

కనకరాజుగారు గొట్టం కాచారు. అదే ఇటుక రంగు. సింహాద్రి నేల మీద చతికిలబడ్డాడు. డాక్టరుగారు మాత్రం సీసా వాసన చూస్తున్నారు.

"ఇందులో ముందేం పోసేవు?"

"కడుపుబ్బరం చుక్కలండి. కడిగేమండి."

"ఎన్నాళ్ళనుంచి తాగుతున్నావు?"

"మొదటిసారి తమ దగ్గరికొచ్చిన రోజు ముప్ఫై చుక్కలండి. అప్పట్నుంచి పూటపూటా."

డాక్టరుగారు లావుపాటి పుస్తకం ఒకటి తీసి చాలాసేపు చదివారు. తరవాత నుదురు కొట్టుకున్నారు.

"ఒరే నాయనా! మనిషి ఒంట్లో గ్లూకురోనిక్ ఆసిడ్ అని ఒకటుంటుంది. చక్కెర నుంచే పుడుతుంది. నీ కర్పూరం, పిప్పరమెంటు లోపలికెళ్తే, కాలేయం వాటిని దీనికి కట్టి బయటికి తోలేస్తుంది, నువ్వు పడవకి తాడు కట్టి లాకు దాటించినట్టు. అది కూడా ఈ నీలిమందుని ఎర్రగా మార్చేస్తుంది. అది చక్కెర కాదు, చక్కెర చుట్టం. నీకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. గడువు పెంచమని నేను పై ఆఫీసుకి రాస్తాను. వారం రోజులు చుక్కలు మాని, వరన్నం తిని రా."

వారం తిరిగాక డాక్టరుగారి ఎదుటే పట్టిచ్చాడు. నీలిమందు ఎంత కాచినా నీలంగానే ఉంది. కనకరాజుగారు సంతకం పెట్టారు.

సింహాద్రి పడవ ఆగకముందే గట్టు మీదికి దూకాడు. వీరాయమ్మకు కాగితం చూపించి, మొదటిసారి అర్థమయ్యేలా సంగతంతా చెప్పాడు. "చుక్కలే! చుక్కలు తాగినోడి నీళ్ళే ఎర్రబడతాయంట! నెల్లాళ్ళు ఉలవలు తినిపించేరు గదే గుర్రానికి పెట్టినట్టు!"

వీరాయమ్మ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది.

"మరి మావా... మూడోసారి సీసాలోవి నాయి గదా?"

"అయితే?"

"నేను చుక్కలు తాగలేదు గదా?"

ఎగువన పడవ వాళ్ళు లాకు తీయమని కేకలేస్తున్నారు. సింహాద్రికి వినపడలేదు.

"సీసాకి అంటుకున్న చుక్కల వల్ల అయ్యుంటదే," అన్నాడు. ఆ మాట పట్టుకునే మర్నాడు భార్యను వెంటబెట్టుకెళ్ళి డాక్టరుగారి కాళ్ళ మీద పడి నిజం చెప్పాడు. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"సీసాకి అంటుకుంటే రాదయ్యా. ఒంట్లోంచి దాటి రావాలి," అంటూ ఆవిడకు కొత్త సీసా ఇచ్చి పంపి, గొట్టం కాచారు. రంగు ఎక్కడ ఆగుతుందో ముగ్గురికీ తెలుసు. అయినా ముగ్గురూ కళ్ళార్పకుండా చూశారు. అక్కడే ఆగింది.

"దాహం వేస్తుందా అమ్మా?"

"ఎండలు గదండీ అనుకున్నానండి."

"పిల్లలు?"

"ఇద్దరు పుట్టి పోయేరండి. బొద్దుగా, బంగారు బొమ్మల్లా పుట్టేరండి."

తల్లికి చక్కెర జబ్బుంటే పిల్లలు అలాగే బొద్దుగా పుట్టి పోతారని డాక్టరుగారికి తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్సులిన్ అని సూదిమందు ఒకటుందనీ, కాకినాడ నుంచి తెప్పించాలనీ, రోజూ పొడవాలనీ చెప్పారు. అది లస్కరు జీతంలో ఎన్నాళ్ళు నడుస్తుందో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. నెల్లాళ్ళు జొన్నన్నం తినాల్సిన మనిషి తలుపు చాటున రెండు వాటాల చక్కెర తాగింది. పథ్యం అక్కర్లేనివాడు కాకరకాయ తిని ఎండిపోయాడు.

వీరాయమ్మ కొంగు సర్దుకుని అడిగింది. "అయితే బాబుగారూ, ఇందువల్ల మా ఆయన పర్మినెంటు పోదు గదండీ?"

"పోదమ్మా."

"ఆయ్. అదే చాలండి."

పది రోజులకు ఆర్డరు వచ్చింది. ఓవర్సీరు మాణిక్యాలరావుగారే మొహం మాడ్చుకుని తెచ్చి, ఫారం నింపడానికి గట్టు మీద కూర్చున్నారు. పేరు, వయసు, సొంత ఊరు అయ్యాక, భార్య ఉన్నదా లేదా అని ఒక గడి వచ్చింది.

ప్రస్తుతానికి ఉన్నదని రాయించి, సింహాద్రి వేలిముద్ర వేశాడు.