జడ్జిగారి దురద కేసు

“నేరం చేసినవాడు ఇద్దరి కళ్లు కప్పలేడు. ఒకరు దేవుడు. రెండోవారెవరో నా నోటితో నేనే చెప్పుకుంటే బాగుండదు.”

స్లిప్పుల మేడమ్ ఈ మాటని పశువుల ఆసుపత్రి వెయిటింగ్ హాలు మధ్యలో నిలబడి, నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ అన్నారు. వినడానికి అక్కడున్నది పిల్లిబుట్టతో ఒక ముసలావిడ, కాలికి కట్టుతో ఒక మేక, ఆ మేకని పట్టుకున్న మనిషి. ముగ్గురిలో మేక ఒక్కటే బదులిచ్చింది.

మేడమ్ జీవితమంతా బడిలో లెక్కలు చెప్పారు. పిల్లలకు లెక్కలు వచ్చాయో లేదో గాని, పరీక్ష హాల్లో చొక్కా మడతల్లోనూ రిబ్బను ముడుల్లోనూ దాచిన స్లిప్పులు మాత్రం ఒక్కటీ ఆవిడ కంటినుంచి తప్పించుకోలేదట. ఈ సంగతి చెప్పింది ఆవిడే కాబట్టి నమ్మక తప్పదు. రిటైరయ్యాక పట్టుకోవడానికి స్లిప్పులు లేక చెయ్యి ఊరుకోక, డిటెక్టివ్ అయ్యారు. పాలు విరిగితే కుట్ర. పేపరు ఆలస్యమైతే కిడ్నాపు.

ఇవన్నీ భరించే పని కోడలిది. కోడలే ఆ ఆసుపత్రి డాక్టరు. ఇంటి కింది భాగమే ఆసుపత్రి కావడంతో అత్తగారు మెట్లు దిగితే చాలు, ఘటనాస్థలం.

ఆ ఉదయం కళ్లద్దాల షాపాయన తన కుక్కని తీసుకొచ్చాడు. దాని పేరు జడ్జి. చిన్నప్పుడు దేన్ని చూసినా మొహం గంభీరంగా పెట్టి కూర్చునేదని ఆ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడా గాంభీర్యం ఏమీ మిగల్లేదు. వెనక కాలితో చెవి గోక్కుంటుంది, చెవి అయ్యాక పొట్ట, తీరిక దొరికితే పాదాలు నాకుతుంది. చంకల్లో వెంట్రుకలు ఊడి చర్మం కందిపోయింది. పొట్ట కింద పుండ్లు.

“డాక్టరుగారూ, మీరు చెప్పినవన్నీ చేశాం” అన్నాడాయన, కోపాన్ని పళ్ల మధ్య పట్టుకుని. “మందు షాంపూ పది నిమిషాలు ఒంటిమీద ఉంచి మరీ కడుగుతున్నాం. చికెన్ మానేశాం. చేప, చిలగడదుంప తప్ప ఇంకోటి పెట్టట్లేదు. మాత్ర పొద్దునా సాయంత్రం నా చేత్తో నేనే వేస్తున్నా. పుండ్లు మానుతున్నాయి గాని దురద తగ్గట్లేదు. గోకి గోకి మళ్లీ పుండ్లు! తమాషా ఏంటంటే, మధ్యలో మాత్రలు అయిపోయి మానేస్తే కాస్త నెమ్మదించింది. మొదలెట్టగానే మళ్లీ గోకుడు. ఏమనుకోవాలి దీన్ని?”

“మీరేమనుకుంటున్నారు?”

“రోగం మీ మందులోనే ఉందని మా వీధంతా అనుకుంటోంది.”

వీధి ఇంకా అనుకోకపోయినా, సాయంత్రానికల్లా అనుకునేలా చేస్తాడని ఆయన వాలకం చూస్తేనే తెలుస్తోంది. కోడలు కిటికీలోంచి బయటికి చూసింది. ఆసుపత్రి బోర్డు మీద రంగు ఇంకా కొత్తగానే ఉంది.

“ఈ అలర్జీ పూర్తిగా పోయే రకం కాదండీ, అదుపులో పెట్టుకోవాల్సిందే. దురద పుడితే గోకుతుంది, గోకితే పుండు పడుతుంది, పుండులో ఇన్ఫెక్షను చేరుతుంది. మాత్ర ఆ ఇన్ఫెక్షనుకే. అసలు దురద దేనివల్లో తేలాలంటే రెండు నెలలు ఒకే తిండి మీద ఉంచాలి. మధ్యలో ఎవరైనా ఒక్క ముక్క చికెన్ పెట్టినా కథ మళ్లీ మొదటికి.”

“ఎవరైనా” అన్న మాట ఆయన చెవిలో గంటలా మోగింది.

“ఎవరైనా ఏంటండీ! మా ఇంట్లో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు, మా బావమరిది. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి మా సోఫా వెతుక్కున్నాడు. ఇవాళే పంపించేస్తా. అప్పటికీ తగ్గకపోతే కుక్కనీ ఎవరికైనా ఇచ్చేస్తా. ఇక నావల్ల కాదు.”

“ఆగండి!” తలుపు అవతల ఆనించిన చెవితో సహా మేడమ్ లోపలికి వచ్చేశారు. “అది తిండి కాదు. విషం. నెమ్మదిగా, తియ్యగా, నవ్వుతూ ఎక్కే విషం!”

“అత్తయ్యా, ఇది అలర్జీ.”

“అలర్జీ అని నువ్వు అనుకోవాలని హంతకుడు అనుకున్నాడు. నువ్వు అనుకున్నావు. నేను అనుకోలేదు.”

“ఇంకా ఎవరూ చావలేదండీ” అన్నాడు కళ్లద్దాలాయన, కాస్త కంగారుగా.

“అదే వాడి తెలివి!”

కుక్కకి చర్మం దురద, ఈవిడకి పరిశోధన దురద. మొదటిదానికైనా షాంపూ ఉంది అనుకుంటూ కోడలు బ్యాగు తీసుకుంది. ఇంట్లో కుక్క పడుకునే చోటూ తినే గిన్నే ఒకసారి కళ్లతో చూస్తే తప్ప తేలదని ఆవిడకీ అనిపించింది. అత్తగారు వెంటబడ్డారు, ఒంటిమీద రెయిన్‌కోటుతో.

“ఎండ మండిపోతుంటే రెయిన్‌కోటేంటి అత్తయ్యా?”

“నన్నెవరూ గమనించకూడదని.”

దారి పొడుగునా గమనించనివాళ్లు లేరు.

కళ్లద్దాలాయన ఇంట్లో కిటికీలకి మందపాటి తెరలు. సోఫా మీద జడ్జి దుప్పటి, సోఫా కింద చాప, చాప మీద బావమరిది. ఆయన దారిలోంచే ఫోను చేసినట్టున్నాడు, సర్దిన సంచి అప్పటికే గుమ్మం పక్కన ఉంది. వంటింట్లో అతని అక్క గిన్నెలు కడుగుతున్న చప్పుడు వింటే ఎవరిమీదో కసి గిన్నెల మీద తీర్చుకుంటున్నట్టుంది. డాక్టరు జడ్జి చెవులు చూస్తుండగా మేడమ్ విచారణ మొదలెట్టారు.

“ఈ కుక్క రాకముందు సోఫా మీద ఎవరు పడుకునేవారు?”

“నేనేనండి” అన్నాడు బావమరిది.

“ఇప్పుడు?”

“జడ్జి.”

“మరి నువ్వు?”

“కనపడుతూనే ఉంది కదండీ.”

“మోటివ్!” అని మేడమ్ పెట్టిన కేకకి జడ్జి గోక్కోవడం ఆపి నిలబడిపోయింది. ఆ పూట దానికి దొరికిన ఉపశమనం అదొక్కటే.

ఆవిడ గుమ్మం పక్క సంచిలో చెయ్యి పెట్టారు. చొక్కాలు, దువ్వెన, అడుగున ఒక డబ్బా. డబ్బాలో తెల్లటి పొడి.

“దొరికింది! మరణచూర్ణం!” అంటూ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు. ఆ తర్వాత తుమ్మారు. రెయిన్‌కోటు గుండీ ఒకటి ఊడిపోయి గోడకి తగిలేదాకా తుమ్మారు.

“క్యారమ్స్ పౌడరండి” అన్నాడతను.

“కుక్క మీద చల్లడానికి!”

“కాయిన్లు జారడానికండి. కుక్క పౌడరు లేకుండానే జారుతుంది, ఈ టైల్స్ మీద.”

కోడలికి నవ్వు రాలేదు. అతను అక్క కోసం వంటింటివైపు చూస్తున్నాడు. “అక్కా, నీమీద ఒట్టు. నేను దానికి ఏమీ పెట్టలేదు. బావగారు వద్దన్న రోజునుంచి ముట్టుకోనైనా లేదు.” గిన్నెల చప్పుడు ఆగింది.  ‘ఎవరైనా’ అని తను అనకుండా ఉండాల్సిందని డాక్టరుకి అనిపించింది.

కళ్లద్దాలాయన గడియారం చూసుకున్నాడు. “మీరు కానివ్వండి. మాత్ర టైమైంది” అని వంటింట్లోకి వెళ్లాడు.

మేడమ్ హాలు మధ్యకి నడిచారు. గొంతు సవరించుకున్నారు. “ఇంతకాలం ఒక మూగజీవాన్ని అణువణువునా హింసించిన కర్కోటకుడు మన మధ్యే, ఈ గదిలోనే, ఊపిరి పీలుస్తున్నాడు. అతను... ఇడుగో!”

చూపుడువేలు స్టాండు ఫ్యానుని చూపించింది.

“నేను ఇటున్నానండి” అన్నాడు బావమరిది మర్యాదగా.

తెరలు వేసిన గదిలో నల్లకళ్లద్దాలతో మేడమ్‌కి ఎటు చూసినా ఒకటే చీకటి. గొంతు వచ్చిన వైపుకి గిరుక్కున తిరిగారు. రెయిన్‌కోటు అంచు కాళ్లకి చుట్టుకుంది. అదే క్షణంలో గిన్నె పట్టుకుని బయటికి వస్తున్న కళ్లద్దాలాయన మీదకి ఆవిడ బస్తాలా వాలిపోయారు. గిన్నె ఎగిరింది. అందులోవి కొన్ని నేలమీద పడ్డాయి, జడ్జి రెప్పపాటులో వాటిని ఊడ్చేసింది. ఒకటి మాత్రం నేరుగా వచ్చి డాక్టరు ఒళ్లో పడింది.

ఆవిడ దాన్ని వేళ్లతో విప్పి చూసింది. ఉడికించిన మాంసం. మధ్యలోంచి తెల్లటి మాత్ర తొంగిచూస్తోంది.

“ఏంటండీ ఇది?”

“మాత్ర” అన్నాడాయన, మేడమ్ కిందినుంచి.

“మాత్ర చుట్టూ?”

“చికెన్.”

డాక్టరు ఆ ముక్కని ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

“చికెన్ మానేశామన్నారు!”

“మానేశామండీ! తిండిలో మానేశాం. ఇది మందు కదా! ఉత్త మాత్రైతే ఉమ్మేస్తుంది. అందుకని చిన్న ముక్కలో పెట్టి... ముందు రెండు ఉత్త ముక్కలు ఆశ చూపించి...” చెప్తూ చెప్తూ ఆయన గొంతు సన్నబడింది. “పొద్దునా సాయంత్రం... నా చేత్తో నేనే...”

ఇన్నాళ్లూ నేల తుడిచే మందు గురించి అడిగింది, దుప్పటి ఉతికే సబ్బు గురించి అడిగింది, కుక్క నడిచే గడ్డి గురించి అడిగింది డాక్టరు. మాత్ర గొంతులోకి ఎలా దిగుతోందో ఒక్కసారీ అడగలేదు. పెదవి కొరుక్కుంది.

వంటింటి గుమ్మంలోకి అక్క వచ్చి నిలబడింది. “షాపులో అందరితో అక్షరాలు చదివించి చూపు తేలుస్తారు. మీ చేతిలో ఏముందో మీకు కనపడలేదా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దానికి మరకేమీ లేదు. “సరే, చికెన్ వద్దు. మరి ఉత్త మాత్ర ఎలా మింగించాలి?” అన్నాడు డాక్టరుతో.

బావమరిది చాప మీంచి లేచాడు. డాక్టరు చేతిలో మాత్ర తీసుకుని తుడిచి, జడ్జి పక్కన కూర్చున్నాడు. దవడ మూల వేలు పెట్టి నోరు తెరిచి, నాలుక వెనక మాత్ర వేసి, నోరు మూసి గొంతు నిమిరాడు. గుటుక్కుమంది. జడ్జి ముక్కు నాక్కుని అతని మోకాలి మీద తల పెట్టుకుంది.

“ఇంతేనా? ముందే చెప్పొచ్చు కదరా!”

“దాని దగ్గరికి రానిస్తే కదా బావగారూ.”

అక్క గుమ్మం పక్క సంచి తీసుకుని లోపల పెట్టేసింది.

ఆ తర్వాత తిండి పరీక్ష మళ్లీ మొదటినుంచి పెట్టారు. మాత్ర వేసే పని బావమరిదిది. దురద నెమ్మదిగా తగ్గింది, చంకల్లో నూగు మొలిచింది. వాతావరణం మారినప్పుడు పాదాలు ఎర్రబడటం మాత్రం మానలేదు. అప్పుడు మళ్లీ షాంపూ, మళ్లీ ఆసుపత్రి. జడ్జితో కాపురమంటే అంతే.

ఆ రోజు ఇంటికి తిరిగొస్తుంటే మేడమ్ రెయిన్‌కోటు చంకలో పెట్టుకుని, తలొంచుకుని నడిచారు. వీధి మలుపులో ఆగిపోయారు.

“అమ్మాయ్, ఆ కుర్రాడి విషయం మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. వెళ్లి ఒక్క మాట చెప్పొస్తా.”

కోడలికి కళ్లు చెమర్చాయి. కాపురానికొచ్చాక అత్తగారి నోట ఇలాంటి మాట వినడం ఇదే మొదలు. “వెళ్లి రండి అత్తయ్యా, నేనిక్కడే ఉంటా.”

మేడమ్ వెళ్లారు. కాసేపటికి గుండెలమీద బరువు దిగినట్టు, తల ఎత్తుకుని వచ్చారు.

“చెప్పారా?”

“చెప్పా” అన్నారు మేడమ్. “క్షమించేశానని.”