రెండో వరుసలో ఖాళీ

బడికి రాని పిల్లల బదులు గ్రూపు ఫొటోలో ఫొటోగ్రాఫరే కూర్చోవాలన్న నిబంధన వచ్చిన ఏడాది, నలభై దాటిన ఓబులేసు నంద్యాల చుట్టుపక్కల బడుల్లో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా అన్నీ చదివేశాడు. కొన్ని తరగతులు రెండోసారి కూడా చదివాడు. అతను పనిచేసే చిరుహాసం ఫొటో కంపెనీ ఈ నిబంధన పెట్టడానికి సబబైన కారణమే ఉంది. వరుసలో ఖాళీ కనిపిస్తే బడికి పిల్లలు రావడం లేదేమోనని తల్లిదండ్రులకు అనుమానం వస్తుంది, అది అడ్మిషన్లకు చేటు. ఫొటోలో లేని పిల్లవాడి ఇంట్లో ఆ ఫొటో కొనరు, అది కంపెనీకి చేటు. ఫొటోగ్రాఫర్‌కు ఏది చేటో సర్క్యులర్‌లో రాయలేదు.

పని పద్ధతి తేలికే. కెమెరాతో పాటు రకరకాల యూనిఫాములు, టైలు, రిబ్బన్లు ఉన్న సంచీ మోసుకెళ్లాలి. టైమర్ నొక్కి, నిక్కరు పైకి లాక్కుంటూ పరిగెత్తి, ఖాళీలో కూర్చుని, గడ్డం కొంచెం దించి నవ్వాలి. మోకాళ్లు పట్టేసి ఆలస్యమైతే క్రమశిక్షణ లోపం కింద రాసుకుంటారు. పని వేళల్లో ఫొటోగ్రాఫర్లు కూర్చోరాదన్న పాత నిబంధన ఎలాగూ ఉంది. కొత్త నిబంధన పుణ్యమా అని, రాని పిల్లవాడిగా మాత్రం కూర్చోవచ్చు. అందుకే హాజరు పిలిచేటప్పుడు ఎవరూ పలకకపోతే ఓబులేసు ముఖం విప్పారేది. జ్వరాల సీజనంటే అతనికి పండగే.

ఫొటోలు అందాక తల్లిదండ్రులు గొడవ చేస్తారేమోనని మొదట్లో భయపడ్డాడు. ఒక్క తల్లి మాత్రం వచ్చింది, టై వంకరగా ఉందని. ఇంకోచోట ఏడో తరగతి కుర్రాడొకడు మర్నాడు బడికొస్తే, ఫొటోకు సరిపోలడం లేదని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. తల్లి వాణ్ని ఇంటికి తీసుకెళ్లి కాటుకతో ఓబులేసు మాదిరి మీసం దిద్ది తెచ్చాక వదిలాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ మీసంతోనే వస్తున్నాడు, లెక్కల్లో కూడా కాస్త పుంజుకున్నాడని మాస్టర్లు సంతోషిస్తున్నారు.

ఓబులేసుకు ఒక్కతే కూతురు, ప్రవల్లిక, మూడో తరగతి. ఊళ్లో పిల్లలందరినీ ఫొటో తీసే నాన్న తనను ఒక్కసారీ తీయలేదని ఆ పిల్లకు కోపం. ఫొటో రోజు ఎప్పుడొచ్చినా కంపెనీ అతన్ని ఇంకో ఊరికి పంపేది. ఈసారి ఆ పిల్ల బడి అతని వంతుకే వచ్చింది. ప్రవల్లిక వారం ముందు నుంచే అద్దం ముందు తల కాస్త ఎడమకు వాల్చి నవ్వడం నేర్చుకుంది. తీరా ఆ రోజు పొద్దున ఒళ్లు కాలిపోతూ లేవలేకపోయింది.

ఓబులేసు మేనేజర్ చంద్రహాస్‌కు ఫోన్ చేశాడు.

"సార్, మా పాపకు జొరమొచ్చింది. మూడో తరగతి ఒక్కటీ సోమవారానికి మార్చండి సార్."

"పాప రాకపోతే ఖాళీ పడ్తాది కదప్పా. ఖాళీ పడితే నువ్వుండాల. సోమవారానికి ఎట్ల మారుస్తా?"

"ఆ ఖాళీ మా పాపదే సార్."

"ఇంకా మంచిది. ఎట్ల కూర్చుంటాదో నీకు తెలిసే ఉంటాది."

ఓబులేసు మందు బిళ్ల భార్య సుంకమ్మ చేతికిచ్చి బడికి వెళ్లాడు. టీచరు రెండో వరుసలో కిటికీ పక్క కుర్చీ చూపించింది. ఉన్న నాలుగు వెంట్రుకలకే రిబ్బన్లు కట్టుకుని, టైమర్ నొక్కి, పరిగెత్తి కూర్చున్నాడు. పక్కనున్న మస్తాన్‌బీ అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు ప్రవల్లికవా?"

"ఈ పొద్దుకు అవునమ్మా."

"అయితే నా రబ్బరు ఎప్పుడిస్తావ్?"

రేపు తెస్తానని మాటిచ్చి, తల కాస్త ఎడమకు వాల్చి నవ్వాడు. ఫొటో బాగా వచ్చింది. ఆ నవ్వు నవ్వుతున్నంతసేపూ అతనికి ఏడుపు ముంచుకొచ్చింది గానీ అది ఫొటోలో పడలేదు. అతను పనిమంతుడు.

సాయంత్రానికి జ్వరం దిగింది. ప్రవల్లిక మంచం మీద కూర్చుని కెమెరాలో ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"తల నా మాదిరే వంచినావే. చూసినావా నన్ను?"

"చూడకేం తల్లీ."

అప్పుడా పిల్ల దిండు కింద నుంచి ఇంకో ఫొటో తీసి ఇచ్చింది. కిందటి నెల బడిలో గోడకు అంటించడానికి కుటుంబం ఫొటో తెమ్మన్నారట, పక్కింటావిడ సెల్లుతో తీసిందట. అందులో సుంకమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ప్రవల్లిక ఓబులేసు చొక్కా మోకాళ్ల దాకా వేలాడేసుకుని, కాటుక మీసంతో, భుజానికి పాత కెమెరా సంచీతో నిలబడి ఉంది.

"నువ్వు రాలేదు కదా నాయనా. ఖాళీ ఉండకూడదంట."

"మరి నీ జాగాలో ఎవరూ లేరే?"

"నేను ఆ పొద్దు ఆబ్సెంటు."

ఓబులేసు ఆ ఫొటోను దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. వెతికి చూస్తే ఒక్క తప్పే కనిపించింది.

"గడ్డం కొంచెం దించాల్సిందమ్మా," అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే అతను ఆళ్లగడ్డకు బయల్దేరాడు. ప్రవల్లిక లేచి, చొక్కా తొడుక్కుని, మీసం దిద్దుకుని అతని పీట మీద కూర్చుంది. సుంకమ్మ పెద్ద గ్లాసులో టీ పోసి ముందు పెట్టి, వచ్చేటప్పుడు బియ్యం తెమ్మని చెప్పింది.