తెల్లకాకికి ఐదు నక్షత్రాలు

ఆ మంగళవారం పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. పోటీకి పేరు పంపడం, హోటల్‌వాళ్ళ కర్టెన్లు ఇచ్చి రావడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచెయ్యడం. మూడోది తప్ప కష్టమైనదేదీ ఆమెకు కనిపించలేదు, ఎందుకంటే ఆ రోజు వంట భర్తది.

పోటీ అంటే ఫోన్లో జరిగే పోటీ. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళు "మా షాపుకు మంచి పేరు చెప్పండి, బహుమతి పట్టుకెళ్ళండి" అని ఒక వెబ్‌సైటులో అడుగుతారు. చుట్టాల పిల్లలకూ, పక్కింటి పిల్లికీ, చివరికి ఆడపడుచు స్కూటరుకూ పేరు పెట్టింది టైలరమ్మే కాబట్టి, ఈ పోటీలు తన కోసమే పుట్టాయని ఆమె నమ్మకం. బహుమతి వస్తే ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలి. మెయిన్ రోడ్డు మీద కొత్త షాపువాడు అలాంటిది తెచ్చిన దగ్గర్నుంచీ పూలూ లతలూ కుట్టించుకునేవాళ్ళంతా అటే పోతున్నారు. ఈమెకు మిగిలినవి తెగిన జిప్పులు, ఊడిన బొత్తాలు, బిగుతైపోయిన ప్యాంట్లు. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే షాపుకు తాళం వేసుకోవాల్సిందే.

తీరా దిగాక తెలిసింది, పేరు ఆలోచించడం కన్నా నియమాలు దాటడం కష్టమని. మనిషికి ఒక్క పేరే పంపాలి. పంపాక మార్చకూడదు. లోకంలో ఎక్కడా ఎవరూ ఆ పేరు వాడుతూ ఉండకూడదు. బేకరీ పోటీలో ఆమె పేరుకు నాలుగు నక్షత్రాలిచ్చిన ఓనరు చివరికి తన భార్య పేరే పెట్టుకున్నాడు. చెప్పుల షాపువాళ్ళు అసలు ఎవరికీ బహుమతి ఇవ్వకుండా పోటీ మూసేశారు. అలా మూసేయవచ్చని నియమాల్లోనే ఉంది, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. బొమ్మల షాపువాళ్ళు మాత్రం మర్యాదగా జవాబిచ్చారు: "బాగుంది. కానీ ఇంకాస్త ఏదో కావాలి."

ఆ జవాబు చూసి టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకాస్త ఏదో అంటే ఏంటండీ? నడుం దగ్గర వదులు చెయ్యాలా, చేతులు పొడుగు పెట్టాలా? కొలతలివ్వకుండా కుట్టమంటే ఎవరు కుడతారు?"

"నిజమే," అన్నాడు భర్త. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. ఎవరు ఏమన్నా "కాదు" అనలేడు. ఆ ఒక్కటే ఆయన జబ్బు.

ఈసారి పోటీ ఒక లాండ్రీకి. టైలరమ్మ రెండు వారాలు నిద్రలో కూడా బట్టలు ఉతికి, ఆఖరికి ఒక పేరు పట్టుకుంది: తెల్లకాకి.

"కాకి తెల్లగా అవ్వడమేంటే అమ్మాయ్?" అంది అత్తగారు.

"అంత బాగా ఉతుకుతారని అత్తయ్యా."

"పాపం, జలుబు చేస్తుందే దానికి."

గడువుకు అదే ఆఖరి రోజు కాబట్టి పొద్దున్నే పేరు పంపేసింది. అయినా మనసు ఆగలేదు. టైలరమ్మకు ఒక అలవాటుంది. ఏం కుట్టినా వెంటనే ఇవ్వదు, ఒక పూటంతా గుమ్మం ముందు కొక్కేనికి వేలాడదీసి, రోడ్డు అవతలి నుంచి చూస్తుంది. వంకరేదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఇన్నాళ్ళూ పేర్లను ఫోన్లో మాత్రమే చూసుకుని మోసపోయానని ఆమెకు అనుమానం. అందుకని మిగిలిపోయిన కర్టెన్ గుడ్డ మీద నీలం దారంతో "తెల్లకాకి లాండ్రీ" అని జానెడేసి అక్షరాలు కుట్టి, పక్కన ముక్కు పైకెత్తిన తెల్ల కాకినొకదాన్ని అతికించి, కొక్కేనికి తగిలించింది. రోడ్డు దాటి చూసింది. ఒక్క అక్షరం కూడా వంకర లేదు.

"నేను కర్టెన్లు ఇచ్చొస్తా. అది అలాగే వేలాడనివ్వండి. ఎవరైనా బట్టలు తెస్తే తీసుకుని, పేరు రాసి కట్టి పెట్టండి. ఎప్పటికిస్తారంటే రేపు పొద్దున అని చెప్పండి," అని భర్తను కూర్చోబెట్టి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి షాపు గుమ్మం కనిపించలేదు. గుమ్మం ఉండాల్సిన చోట మూటలున్నాయి. వాటి మధ్య నుంచి భర్త తల బయటపెట్టి గర్వంగా నవ్వాడు.

"చూశావా! నువ్వు లేకపోయినా ఎంత బేరం వచ్చిందో!"

టైలరమ్మ మొదటి మూట విప్పింది. బురద కొట్టుకున్న ఫుట్‌బాల్ చొక్కాలు. రెండోది విప్పింది. వీధి చివరి పళ్ళ డాక్టరు గారి తెల్లకోట్లు, రకరకాల మరకలతో. మూడోది విప్పకుండానే వాసన తెలిసింది, గ్యారేజీ మెకానిక్‌ది.

"ఇవి కుట్టడానికి వచ్చాయా?" అంది నెమ్మదిగా.

"లేదు, ఉతకడానికి."

"మనం బట్టలు ఉతుకుతామని మీకు ఎవరు చెప్పారండీ?"

భర్త వేలెత్తి పైన వేలాడుతున్న గుడ్డను చూపించాడు. "నువ్వే కదా రాశావు! బట్టలు తెస్తే తీసుకోమన్నావు, తీసుకున్నా. రేపు పొద్దున అనమన్నావు, అన్నా. ఇందులో నా తప్పేముంది?"

తప్పు ఎక్కడుందో ఆమెకూ దొరకలేదు. ఒక్క ఉదుటున స్టూలెక్కి గుడ్డ పీకేసింది. సరిగ్గా అప్పుడే మొబైల్ షాపులో పనిచేసే ఆడపడుచు స్కూటరు దిగింది.

"వదినా, ఎందుకు తీసేశావ్? ఎంత బాగుందో! పొద్దున అటు వెళ్తూ ఫోటో తీసి మ్యాపులో కూడా పెట్టేశా. ఇన్నాళ్ళకి మన షాపుకో పేరొచ్చింది!"

"ఎక్కడ పెట్టేశావ్?"

"మ్యాపులో. ఇప్పుడు ఎవరు వెతికినా కనిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడి నుంచైనా!"

టైలరమ్మ స్టూలు మీదే కూలబడింది. లోకంలో ఎక్కడా ఎవరూ వాడుతూ ఉండకూడదు. ఆ నియమం చెవిలో గంటలా మోగింది.

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

ఆడపడుచు కాసేపు ఫోను గీకి మొహం వేలాడేసుకుంది. "పెట్టడానికి ఒక్క నిమిషం పట్టింది వదినా. తీయాలంటే వాళ్ళు పరిశీలించి చెప్తారట. కొన్ని రోజులు పట్టొచ్చట."

ఆమె మాట పూర్తి కాకముందే టైలరమ్మ ఫోను టింగుమంది. "అభినందనలు! మీరు పంపిన 'తెల్లకాకి' చివరి మూడు పేర్లలో నిలిచింది. ఈ పేరును వేరెవరైనా వాడుతున్నారేమో రేపు ఉదయం చూసి, విజేతను ప్రకటిస్తాం."

ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు. టైలరమ్మ కొంగు దోపింది.

"ముందు ఈ బట్టలు ఎవరివి వాళ్ళకిచ్చేద్దాం. ఒక్క మూట కూడా లేకపోతే లాండ్రీ ఎక్కడిది? ఏవండీ, వెనక్కి ఇచ్చి రండి."

భర్త ఫుట్‌బాల్ మూట ఎత్తుకుని వెళ్ళాడు. అరగంటకు అదే మూటతో తిరిగొచ్చాడు. పైన ఇంకో మూట ఉంది.

"రేపు వాళ్ళకి మ్యాచ్ అట. కెప్టెన్ నా చేతులు పట్టుకున్నాడు. కాదనలేకపోయాను."

"మరి ఈ రెండోది?"

"గోల్‌కీపర్‌ది."

తీసుకున్న పని చెడగొట్టడం ఆమె ఒంట్లో లేదు. పెరట్లో ఉన్న తొట్లన్నీ నిండాయి. అత్తగారు సబ్బు నురగ మధ్య కూర్చుని కోట్ల కాలర్లు రుద్దింది. ఆడపడుచు చేసిన తప్పుకు శిక్షగా మెకానిక్ ప్యాంట్లు ఆమె వంతయ్యాయి. మేడ మీద తీగలు చాలక మెట్ల కటకటాల మీద, చివరికి స్కూలు వ్యాను కిటికీలకు కూడా చొక్కాలు ఆరేశారు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన పిల్లలు ఆ రోజు ఫుట్‌బాల్ జట్టు నీడలోనే ఇళ్ళకు వెళ్ళారు.

మర్నాడు పొద్దున కెప్టెన్ వచ్చి, ఇస్త్రీ మడతలు విప్పి చూసి, నోరు తెరిచాడు. "ఆంటీ, ఈ చొక్కా తెల్లదని నాకు ఇవాళే తెలిసింది!" అని అక్కడే నిలబడి ఫోను తీశాడు.

"ఏం చేస్తున్నావు బాబూ?" అంది టైలరమ్మ.

"మ్యాపులో ఐదు నక్షత్రాలు ఇచ్చేశానాంటీ. మా టీమ్ మొత్తం చేత ఇప్పిస్తున్నా!"

వద్దు నాయనా అని ఆమె అనేలోపే పదకొండు మందీ మీట నొక్కేశారు. పదింటికి ఫోను మోగింది.

"క్షమించాలమ్మా," అన్నాడు పోటీ పెట్టిన లాండ్రీ ఓనరు. "మాకు అన్నిటికన్నా మీ పేరే నచ్చింది. కానీ ఆ పేరుతో ఇప్పటికే ఒక లాండ్రీ ఉంది. బాగా పేరున్న లాండ్రీలా ఉంది, అన్నీ ఐదు నక్షత్రాలే."

"సార్, సార్, అది నాదే! నా షాపే!"

"మీదా?" అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "అయితే ఇంకో నియమం అడ్డొస్తుందమ్మా. ఇదే వ్యాపారంలో ఉన్నవాళ్ళు పోటీలో పాల్గొనకూడదు."

"నేను ఈ వ్యాపారంలో లేనండీ బాబూ! ఒట్టు! నేను టైలర్ని!"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి భర్త గొంతు వీధంతా వినిపించేలా మోగింది. "ఏమేవ్, హోటల్‌వాళ్ళు దుప్పట్లు పంపారు! ఎక్కడ నానబెట్టమంటావ్?"

ఆ కేక ఓనరుకూ వినిపించింది. "వ్యాపారం బాగా సాగాలని కోరుకుంటున్నానమ్మా," అని పెట్టేశాడు.

టైలరమ్మ ఫోను కేసి చూసింది, దుప్పట్ల కేసి చూసింది. గుమ్మంలో పళ్ళ డాక్టరు గారు తళతళలాడే కోటు తొడుక్కుని నిలబడి ఉన్నారు.

"వారం వారం పంపించొచ్చా అమ్మా?"

భర్త నోరు తెరవబోయాడు. ఆయన ఏమంటాడో అందరికీ తెలుసు. కానీ ఈసారి ఆయనకన్నా ముందు టైలరమ్మే అంది, "పంపించండి." అని, స్టూలెక్కి, కాకిని మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

మూడు నెలలు తిరిగేసరికి షాపులోకి నిజంగానే కొత్త మిషన్ వచ్చింది. కాకపోతే అది కుట్టేది కాదు, ఉతికేది. ఎంబ్రాయిడరీ మిషన్ దాని వెనకే వస్తుందని ఆమె గట్టి నమ్మకం. షాపుకు తాళం వేసే మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

ఒక్కటే లోటు. లాండ్రీకి పేరుంది, పక్కనే ఉన్న కుట్టుపనికి ఇప్పటికీ పేరు లేదు. తనే పెడదామంటే, ఇకమీదట పేర్లు పెట్టనని కోపంలో అత్తగారి ముందు ఒట్టేసింది. అందుకని అదే వెబ్‌సైటులో తనే ఒక పోటీ పెట్టింది. మొదటి నియమం, మా ఇంట్లోవాళ్ళు పాల్గొనకూడదు. రెండోది, గెలిచినవాళ్ళ బట్టలు ఏడాదిపాటు ఉచితంగా ఉతకబడును.

తెల్లారేసరికి ఎక్కడెక్కడి వాళ్ళో పేర్లు పంపారు. టైలరమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్కటీ రోడ్డు అవతలి నుంచి చూస్తున్నట్టు కళ్ళు చికిలించి చదివింది. చాలాసేపు ఆలోచించింది. తర్వాత మొదటి మనిషికి జవాబు రాసింది:

"బాగుంది. కానీ ఇంకాస్త ఏదో కావాలి."