మూడే గడ్డలుండాల్సిన దిమ్మ

ఆ ఉదయం కుసునోకి యురికో పెట్టుకున్న పనులు రెండే. ఆసుపత్రి నుంచి డాక్టర్ ఒగినో వచ్చేసరికి యంత్రం సిద్ధంగా ఉండాలి, తన నోరు తడబడకూడదు. సెందాయ్‌లోని ఆ చిన్న పరిశోధనశాలలో రొమ్ము క్యాన్సర్‌ను వెతికే అల్ట్రాసౌండ్ యంత్రానికి ఆమె కొత్త చూపు నేర్పింది. రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లలో చిన్న గడ్డ బొమ్మలో కలిసిపోయి కనబడదు. యురికో వాళ్ల అక్కకు అలాగే కనబడలేదు, ఏడాది ఆలస్యంగా బయటపడింది. అక్క కోలుకుంది గానీ, పోయిన ఆ ఏడాది మీద యురికోకు కోపం ఇంకా చల్లారలేదు. ఒగినో గారు సరేనంటే యంత్రం ఆసుపత్రికి వెళుతుంది, కాదంటే గోదాముకే.

పరీక్ష కోసం యురికో, ఉడికిస్తే జెల్లీలా గట్టిపడే చైనా గడ్డితో రొమ్ముకు బదులుగా ఒక దిమ్మ పోసి, లోపల మూడు గడ్డలు దాచింది. అవి కంటికి కనబడకుండా కాఫీపొడి, దిమ్మ చెడిపోకుండా దోసెడు ఉప్పు కలిపింది. అచ్చుగా ఒక ఖాళీ మిఠాయి పెట్టె దొరికింది. ఆఫీసు పెద్ద షిమోజో అత్తగారి ఊరు ఒబుసే వెళ్లినప్పుడల్లా అందరికీ తెచ్చే యోకాన్ పెట్టె అది. యోకాన్ అంటే ఎర్ర చిక్కుళ్లతో చేసే తియ్యటి, కాఫీరంగు దిమ్మ. యురికో తన దిమ్మను ఆ పెట్టెతోనే ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్లింది.

పొద్దున్నే ఒబుసే నుంచి దిగిన షిమోజో కొత్త పెట్టె తెచ్చి, కిందేముందో చూడకుండా దాని మీదే పెట్టేశాడు. కాసేపటికి యురికో హడావిడిగా వచ్చి పై పెట్టె పట్టుకుపోయింది. దిమ్మ చేతికి కాస్త జిగురుగా తగిలినా, తేమ అని సరిపెట్టుకుంది.

"ఇందులో మూడు గడ్డలున్నాయి మేడమ్. యంత్రం మూడూ పట్టేస్తుంది," అంది ఒగినో రాగానే ధీమాగా.

యంత్రం మూడు పట్టింది. నాలుగోదీ పట్టింది. ఏడు దాకా వెళ్లి ఆగింది.

"ఏడేంటమ్మా?" అంది ఒగినో.

"జెల్లు ఎక్కువ రాశావేమో చూడు," అంటూ షిమోజో యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ ఏడే. కనీసం మర్యాదైనా తగ్గకూడదని ఆయన పరుగున వెళ్లి ఫ్రిజ్‌లో మిగిలిన పెట్టెలోంచి ముక్కలు కోసి, టీతో తెచ్చాడు.

"మా అత్తగారి ఊరి యోకాన్ మేడమ్. మొహమాటపడకండి!"

ఒగినో ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.

"చాలా... గంభీరమైన రుచి."

షిమోజో మురిసిపోయి ఇంకో ముక్క వడ్డించాడు. ఆమె అదీ తింది. అతిథి తినకముందు తాను ముట్టకూడదని ఆయన రుచి చూడలేదు.

"లేని గడ్డలు చూపిస్తే ఎలాగమ్మా? ఎంతమంది ఆడవాళ్లను ఊరికే సూదులకీ కత్తులకీ పంపాలి?" అంది ఒగినో టీ గడగడా తాగేస్తూ.

యురికోకు ఏడుపొచ్చింది. చాకు తీసుకుంది.

"కోసే చూస్తాను."

"అయ్యో, ఉన్నది అదొక్కటే!" అన్నాడు షిమోజో.

యంత్రం గుర్తు పెట్టిన చోట చాకు దిగింది. యోకాన్‌లో వేసే పసుపు పచ్చటి చెస్ట్‌నట్ గింజ బయటపడింది. రెండో గుర్తు దగ్గర ఇంకోటి. ఏడు గుర్తులకూ ఏడు గింజలు. యురికో చాకు వాసన చూసింది, తర్వాత డాక్టరు గారి పళ్లెం వంక చూసింది.

"మేడమ్... మీరు తిన్నది నా దిమ్మ. చైనా గడ్డి, కాఫీ, ఉప్పు. ప్రమాదమేం లేదు."

"గడ్డలు?"

"అవీ చైనా గడ్డితోనే. కాస్త గట్టిగా పోశాను."

"ఒకటి మింగాను."

షిమోజో క్షమాపణగా నడుం విరిగేలా వంగి, లేవడం మానేశాడు.

"ముందే చెప్పకూడదా మేడమ్?" అంది యురికో బిక్కమొహంతో.

"ఆయన అత్తగారి ఊరిదన్నాక ఏం చెప్పను?" ఒగినో పకపకా నవ్వింది. "నువ్వు దాచినవి నువ్వే వెతికితే దొంగవీ పోలీసువీ నువ్వే. ఇవి ఉన్నాయని నీకే తెలీదు, అయినా పట్టింది. ఇంతకంటే ఏం పరీక్ష కావాలి? వచ్చే నెల పంపించండి."

యురికో కళ్లు తుడుచుకుంది. ముందు అక్కకు చెప్పాలనుకుంది.

గుమ్మం దగ్గర ఒగినో వెనక్కి తిరిగింది.

"యంత్రం మీరు పంపండి. మిఠాయి మేం తెచ్చుకుంటాం."