వెనక మంచం మీది బరువు

ఆ రోజు పొద్దుటి ప్లాను చాలా చిన్నది. తెల్లారకముందే బయల్దేరాలి, ఎండెక్కేలోపు సగం దూరం పోవాలి, సాయంత్రానికి సముద్రం ఒడ్డున కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. ప్లాను వేసినాయన రిటైరైన తూనికల ఇన్‌స్పెక్టరు. ఉద్యోగమంతా దుకాణాల తక్కెడలు పరీక్షించి పరీక్షించి, తూకానికి రానిదేదీ నిజం కాదని తేల్చుకున్న మనిషి. దేవుడు, దెయ్యం, భార్య తలనొప్పి ఆయన దృష్టిలో ఒకే పద్దు కింద వచ్చేవి.

ఆయన కొన్నది పాత మోటర్‌హోమ్. మంచాలు, పొయ్యి, సింకు అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. కొన్నాక తెలిసింది, అది ఇల్లుగా బాగానే ఉంది కానీ బండిగా లేదని. హైవే ఎక్కితే చాలు తోక ఊపేది. పక్కనుంచి లారీ దాటితే ముందు ఎవరో అవతలికి తోసినట్టు, ఆ వెంటనే ఇవతలికి లాగినట్టు అయ్యేది. స్టీరింగుతో కుస్తీ పట్టి ఇన్‌స్పెక్టరుకు భుజాలు పడిపోయేవి. "ఇంకోసారి ఇలా ఊగితే నేను దిగి నడిచిపోతాను," అని భార్య చెప్పేసింది.

బండిని షెడ్డుకు తీసుకెళ్లారు. మేస్త్రీ దాని కిందికి దూరి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. "వెనక బరువు, ముందు తేలిక సార్. వెనక చక్రాల అవతల బరువు పడితే ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకోవు. అందుకే ఊగుతోంది," అన్నాడు. షాకబ్జార్బర్లు మార్చాడు, వెనక అడ్డంగా ఊగకుండా ఆపే స్టెబిలైజర్ రాడ్డు బిగించాడు, టైర్లలో గాలి సరిచేశాడు. వెనక బరువు మోసే స్ప్రింగుల్లో విప్పిన ఎడమవైపు కమానుపట్టీని మాత్రం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదొక్కటే ఇంతలా అణిగిపోయిందేంటి సార్? ఎవరో ఏళ్ల తరబడి ఆ మూల మంచం దిగకుండా పడుకున్నట్టుంది."

"పాతవాళ్లు సామాను పెట్టి ఉంటారులే. ఎక్కు, ఒక రౌండు కొట్టొద్దాం."

"చేతులు మాసిపోయాయి సార్," అని మేస్త్రీ కిందే ఉండిపోయాడు. చేతులు కడుక్కోవడానికి కుళాయి పక్కనే ఉంది.

ఇంటికొచ్చాక ఇన్‌స్పెక్టరు తన విద్యంతా బయటికి తీశాడు. పై అరలు ఖాళీ చేయించాడు. బరువైనవన్నీ కిందికి, మధ్యకి దించాడు. వెనక రెండు మంచాల మీద దిండు తప్ప ఏమీ ఉండకూడదన్నాడు. ముందు ఎడమ సీట్లో పాత తూకపురాళ్ల మూట కూర్చోబెట్టి సీటు బెల్టు బిగించాడు. పేచీ అక్కడ మొదలైంది.

మేడమీద ఒంటరిగా ఉంటున్న అత్తగారికి జన్మకో కోరిక, సముద్రం చూడాలని. మామగారు "వచ్చే ఏడు, వచ్చే ఏడు" అంటూనే ఒక ఏడు వెళ్లిపోయారు. బండి వచ్చిన రోజే ఆవిడ వెనక మంచాలకి అడ్డంగా కట్టేందుకు తెర కుట్టి ఇచ్చింది.

"మీ అమ్మకి వెనక మంచం తప్ప చోటు లేదు. వెనక బరువు పడకూడదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ రాళ్లు తీసేసి ముందు కూర్చోబెట్టొచ్చుగా!"

"రాళ్లు కదలవు. మీ అమ్మ ఒక్కచోట కూర్చోగలదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే భార్యకి ఇంకా మండింది. ఇనుపరాళ్లకి సీటు బెల్టట, కన్నతల్లికి చోటు లేదట! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లని తెలిసినావిడ కాబట్టి వాదించలేదు. మేడెక్కి తల్లి చేతిలో బండి రెండో తాళం పెట్టింది.

"చీకటితోనే వచ్చి ఎడమ మంచం మీద ముసుగుతన్ని పడుకో. తెర తియ్యకు, నోరు విప్పకు. సగం దూరం పోయాక చెబుతాను. అప్పుడేం చేస్తారో చూద్దాం."

తెల్లవారుజామున మంచు పట్టి వీధి చివర కనపడటం లేదు. భార్య బండెక్కగానే తెర వేలెడంత జరిపి చూసింది. ఎడమ మంచం మీద నిలువునా దుప్పటి కప్పుకుని ఒక ఆకారం.

"వచ్చావా?" అంది గుసగుసగా.

"ఊఁ," అని వినిపించింది. వెనకంతా చల్లగా ఉంది. కిటికీ సరిగా మూయలేదు కాబోలు అనుకుని ఆవిడ మధ్యలో బల్ల దగ్గర కూర్చుంది.

హైవే మీద మొదట అంతా బ్రహ్మాండంగా నడిచింది. ఒక లారీ దాటింది, బండి చలించలేదు. "చూశావా!" అని ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు ముందు గానీ వెనక గానీ ఏ వాహనమూ లేదు. గాలి లేదు. మంచు కదలకుండా నిలబడి ఉంది. అప్పుడు బండి తోక నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగింది, మళ్లీ ఇవతలికి వచ్చింది. వెనక మంచం కిర్రుమంది.

"వెనక ఎవరున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎవరుంటారు?" అంది భార్య, తల్లి కుదురులేనితనాన్ని లోపల్లోపల తిట్టుకుంటూ. ఫ్లాస్కులోంచి గ్లాసులో టీ పోసి, ఆయన చూడకుండా తెర కిందనుంచి లోపలికి పెట్టింది. వేళ్లు వచ్చి అందుకున్నాయి. మంచుముక్కల్లా ఉన్నాయి. పాపం అమ్మ చలికి బిగుసుకుపోతోందని తన శాలువా కూడా తోసింది. ఖాళీ గ్లాసు తిరిగొచ్చింది. వెనకే ఒక దగ్గు వినిపించింది.

ఇన్‌స్పెక్టరు కూడా విన్నాడు. అద్దంలో తెర ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి, అణిగింది. రాత్రి మంచాలు చూసి తలుపు తాళం వేసింది ఆయనే. అయినా మనిషి వృత్తి మరిచిపోలేదు. దారిలో లారీలు తూచే కాటా కనిపించగానే బండిని దాని మీదికి ఎక్కించాడు. చీటీ చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను వేసిన లెక్క కంటే ఒక మనిషి ఎక్కువుంది."

"కాటా తప్పేమో!"

"కాటా తప్పా? దాని మీద సీలు చూడు!"

"పోనీ, తెర తీసి చూడండి." అలా అనేసి భార్య నాలుక్కరుచుకుంది.

ఆయన చెయ్యి తెరదాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. "తూకంలో వచ్చాక చూసేదేముంది?" అన్నాడు నీరసంగా. జీవితమంతా దెయ్యాల్లేవని వాదించిన మనిషి, దెయ్యానికి బరువుందని తెలియగానే అందరికంటే గట్టిగా నమ్మేశాడు.

భార్యకి మంచి అవకాశం దొరికింది. "ఎవరో పెద్దావిడ అయ్యుంటుంది. మర్యాదగా అడిగి చూడండి," అంది.

ఇన్‌స్పెక్టరు తెర ముందు చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, తమరెవరో నాకు తెలీదు. ఉండండి, కాదనను. కాస్త కదలకుండా పడుకుంటే బండి నిలకడగా పోతుంది." అత్తగారితో ఏనాడూ ఇంత మెత్తగా మాట్లాడి ఎరగడు. భార్య నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. మంచం ఒకసారి కిర్రుమని ఊరుకుంది. మళ్లీ రోడ్డెక్కాక తోక ఊగలేదు. స్టీరింగు మాత్రం చేతిలో తేలుతూనే ఉంది.

అంతలో భార్య ఫోను మోగింది.

"చోటు లేదనేది రాత్రే చెప్పొచ్చుగా?" అంది తల్లి. "తాళం తీశాను, తలుపు రాలేదు. లోపల్నుంచి గడియ. 'ఇక్కడ చోటు లేదు' అన్నావు. అల్లుడుగారంటే సర్దుకునేదాన్నే. నీ నోటితో అనిపించుకున్నాక ఇంకేముంది?"

"అమ్మా, నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? మేడమీద. తడిసిన దిండు ఆరేసుకుంటున్నా."

భార్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. తెర వెనక మళ్లీ దగ్గు వినిపించింది, ఈసారి మొహమాటంగా. ఆవిడ ఎలా లేచిందో, బల్ల ఎలా దాటిందో తెలీదు. ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని కూర్చున్న తూకపురాళ్ల మీద పడింది. రెండో తాళం, దొంగతనంగా ఎక్కించడం, టీ, శాలువా అన్నీ ఏడుస్తూ చెప్పేసింది.

ఇన్‌స్పెక్టరు అరుస్తాడనుకుంది. ఆయన మొహం విప్పారింది.

"అయితే నా లెక్క తప్పలేదు! కదలకు, అలాగే కూర్చో. నువ్వు ముందుకొచ్చాక స్టీరింగు నిలబడింది. వెనక అంత బరువున్నప్పుడు ముందు ఈ రాళ్లు చాలవు."

"లెక్కలేంటండీ ఇప్పుడు! బండి తిప్పండి. ఆ మాట నేనే అన్నానని అమ్మ నమ్మేసింది. సముద్రం లేకపోయినా బతుకుతుంది. ఇది మనసులో పెట్టుకుని ఎలా బతుకుతుంది?" అని ఆవిడ వెక్కిళ్లు పెట్టింది. "ముందు వెనకున్నావిడని దింపెయ్యండి."

"దింపేదెవరు? నువ్వా, నేనా?"

బండి తిరిగింది.

అత్తగారు గుమ్మంలోకి రావడానికే ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టరే మేడెక్కాడు. ఆవిడ సంచీ తన భుజాన వేసుకున్నాడు. "అత్తయ్యగారూ, ఆ మాట మీ అమ్మాయి అనలేదు. అలా అనగలిగే రకం నేను. ముందు సీటు మీది. మీరు రాకపోతే ఈ బండి రోడ్డు మీద నిలబడదు," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అల్లుడి నోట తను కావాలన్న మాట వినడం ఆవిడకి అదే మొదలు. కళ్లు తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

తూకపురాళ్లు సీటు కిందికి పోయాయి. భార్య వాళ్లిద్దరి మధ్యనున్న పెట్టె మీద ఇరుక్కుని, చచ్చినా వెనక్కి వెళ్లనంది. ఇంకా విడని మంచులో హైవే మీద బండి గీత గీసినట్టు తిన్నగా పోతోంది. పక్కనుంచి రెండు లారీలు ఒకదాని వెంట ఒకటి దాటినా స్టీరింగు బెసకలేదు. ఇన్‌స్పెక్టరుకి భయం, సంతోషం రెండూ సమానంగా ఉన్నాయి.

అత్తగారు కూడా అస్సలు కదలకుండా కూర్చుంది. చాలాసేపు అద్దంలోంచి వెనక్కి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నాకు చోటు లేదన్నారు సరే. తెర జరిపి నన్నే చూస్తోందే, ఆవిడ మీ తరఫు చుట్టమా అల్లుడుగారూ?"