సంతోషం లేని సముద్రతీరం

మనిషిని తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున కూర్చోబెట్టినా సంతోషపడకుండా ఆపవచ్చని కనిపెట్టిన రోజున ప్రభుత్వ పాలన అనే విద్య సంపూర్ణమైంది. ఈ ఘనత జర్మనీ ఉత్తరాన ఉన్న ఒక రాష్ట్రానిది. అక్కడ ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ మామూలు సెలవులు కాక ఏడాదికి ఒక వారం చదువు సెలవు ఉంటుంది. జీతం ఆగదు. ఏ చదువైనా చదువుకోవచ్చు, ఏ దేశమైనా వెళ్ళవచ్చు. షరతు ఒక్కటే, అది సరదాగా ఉండకూడదు.

ఈ షరతును కంటికి రెప్పలా కాపాడటానికి చదువు సెలవుల విభాగం ఉంది. అందులో సముద్రతీరాలకు వేరే ఉపవిభాగం. (కొండల ఉపవిభాగం పై అంతస్తులో ఉంది. రెండింటికీ మాటల్లేవు.)

ఆ విభాగం మెట్లెక్కాల్సిన అవసరం గెజీనె ఫ్రెరిక్స్‌కి వచ్చింది. ఆవిడ పట్టణ నీటి సరఫరా సంస్థలో ఫిర్యాదుల బల్ల దగ్గర పనిచేస్తుంది. కూతురు ఇన్సా స్పెయిన్ దక్షిణాన కాదిస్‌లో కాపురం ఉంటోంది. మనవడు బెల్త్రాన్‌కి స్పానిష్ తప్ప మరో మాట రాదు. (తల్లి జర్మన్ నేర్పుదామని చూసింది. వాడు రెండు చెవులూ మూసుకున్నాడు.) ఎండాకాలం సెలవులు బడిపిల్లలున్న ఉద్యోగులకే ఇస్తారు కాబట్టి గెజీనె ప్రతి నవంబరులో వెళ్తుంది. వాడూ ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు, తర్వాత ఆవిడ వచ్చేస్తుంది. పోయిన నవంబరులో వాడు తల్లి చొక్కా అంచు లాగి, "అమ్మమ్మకి మాటలు రావా?" అని అడిగాడట. ఆ సంగతి ఇన్సా నవ్వుతూ చెప్పింది. గెజీనె కూడా నవ్వింది, ఇంటికొచ్చాక ఏడ్చింది. జూలైలో చదువు సెలవు పెట్టి, కాదిస్‌లోనే స్పానిష్ నేర్చుకుని, వాడితో మాట్లాడి తీరాలనుకుంది.

పక్క బల్ల ఓనో లోకం తెలిసినవాడు. చదువు సెలవు అడిగినవాళ్ళని విభాగం పిలిచి చేసే విచారణకు ముందు ఆవిడని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"మనవడి ఊసెత్తకు. సముద్రమంటే భయమని చెప్పు. చేపలు పడవని చెప్పు."

"నాకు చేపలు పడతాయి కదా."

"మహాతల్లీ, నీతో ఇదే గొడవ. నేను పోయినేడు ఆ స్పెయిన్‌లోనే మాలగా తీరానికి ఎలా వెళ్ళాననుకున్నావ్? ఎండ పడదని డాక్టరు దగ్గర చీటీ రాయించుకున్నా. తిరిగొచ్చాక ముక్కు మీద తోలు ఊడుతుంటే, చూశారా, పడదని ముందే మొత్తుకున్నాను అన్నా."

"ఆఫీసులో అబద్ధం ఎలా చెబుతాం?"

"ఆఫీసులో కాక ఇంకెక్కడ చెబుతాం?"

కానీ గెజీనె బండి ఒక్కటీ రాని రోడ్డు మీద కూడా ఎర్ర సిగ్నలు పడితే ఆగిపోయే మనిషి. ఆ ఊళ్ళో అందరూ అంతే, ఓనో ఒక్కడే తేడా.

సముద్రతీరాల అధికారి డీకెన్ గారు చాలా మర్యాదస్తుడు. ఆయన వెనక గోడంతా స్పెయిన్ తీరం పటం. ప్రతి ఊరి పక్కనా దాని ఆనంద సూచీ రాసి ఉంది. ఎండ ఎన్ని గంటలు, తరగతి గదికీ ఇసుకకీ మధ్య ఎంత దూరం, వేయించిన చేప వాసన గాలి ఎటు వీస్తే ఎంతవరకు వస్తుంది, ఇవన్నీ కలిపి లెక్కగట్టారు. (వాసన కొలవడానికి పంపిన ఉద్యోగి ఇంకా తిరిగి రాలేదు. జీతం మాత్రం తీసుకుంటున్నాడు.)

"కాదిస్ అన్నారు," డీకెన్ గారు పటం వైపు బాధగా చూశారు. "ఫ్రెరిక్స్ గారూ, ఆ ఊరికి మూడు వైపులా సముద్రం. ఇక చదువుకి మిగిలేది నాలుగో వైపు ఒక్కటే."

"నేను ఆ వైపే కూర్చుంటానండీ."

ఆయన దాన్ని రాసుకున్నారు. తర్వాత అందరినీ అడిగే ప్రశ్న అడిగారు. దానికి లేదని చెప్పాలని రాష్ట్రంలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

"ఈ ప్రయాణం తలుచుకుంటే మీకేమైనా సంతోషంగా ఉందా?"

"చాలా," అంది గెజీనె.

మూల కూర్చున్న గుమాస్తా తలెత్తి చూసింది. ఆ జవాబు వినడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదలు.

డీకెన్ గారు గొంతు సవరించుకున్నారు. "అక్కడ మీకు తెలిసినవాళ్ళు..."

"మా మనవడు ఉన్నాడండీ."

"అతనితో స్పానిష్‌లో మాట్లాడే ఉద్దేశం ఉందా?"

"అందుకే కదండీ వెళ్ళేది."

"అదిగో, అది సొంత వాడకం." ఆయన కలానికి మూత పెట్టేశారు. "మీరు భాష నేర్చుకోవడానికి ప్రభుత్వానికి ఏ అభ్యంతరమూ లేదు. వాడుకుంటానంటేనే ఇబ్బంది."

"వాడుకోకపోతే ఎందుకండీ నేర్చుకోవడం?"

"సరిగ్గా ఈ ప్రశ్నే కొండల ఉపవిభాగం వాళ్ళు కూడా వేస్తున్నారు," అన్నారు డీకెన్ గారు నొచ్చుకుంటూ.

అయినా ప్రభుత్వం ఆడిన మాట తప్పదు. ఆవిడ అడిగింది స్పెయిన్ సముద్రతీరం, ఇచ్చిందీ స్పెయిన్ సముద్రతీరమే. కాకపోతే దేశం రెండో కొసన, ఉత్తరాన, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే చిన్న రేవు. (పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు. ఆనంద సూచీ సున్నా కంటే కింద ఉందని వాళ్ళకింకా తెలియదు.) అక్కణ్ణుంచి కాదిస్‌కి వెళ్ళడం కంటే జర్మనీ నుంచి వెళ్ళడమే సులువు. చదువు పేరు కూడా విభాగమే ఖాయం చేసింది: నీటి సరఫరా ఉద్యోగులకు కార్యాలయ స్పానిష్.

"పోన్లే, ఎక్కడ నేర్చుకున్నా స్పానిష్ స్పానిషే," అంది గెజీనె.

ఓనో ఆవిడకి ఒక గొడుగు ఇచ్చాడు.

తరగతిలో అందరూ జర్మన్లే. అందరూ ఏదో ఒక విచారణలో నిజం చెప్పి వచ్చినవాళ్ళే. పంతులమ్మ ఔరేలియా మంచి మనిషి, కానీ నిబంధన ప్రకారం రోజూ ముందు సముద్రం వైపు తెర లాగి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టేది. గెజీనె పట్టుదలగా నేర్చుకుంది. పాఠంలో కుళాయి పాడైన జనం వచ్చి, "మీ మనిషి ఎప్పుడొస్తాడు?" అని అడుగుతారు. ఉద్యోగి జవాబు చెప్పాలి. ఆ జవాబు ఎవరు చెప్పినా ఎక్కడో నాలుక మడత పడేది, గెజీనెకి తప్ప. పంతులమ్మ చప్పట్లు కొట్టించింది.

గురువారం ఒక్క క్షణం ఎండ కాసింది. గెజీనె తెర అంచు పక్కకి తీసి సముద్రం చూసింది. ఆ సంగతి ఆ సాయంత్రమే తనే విభాగానికి తెలియజేసింది. వాళ్ళు జీతంలో అరగంట కోసి, ఆవిడ నిజాయితీని మెచ్చుకున్నారు.

శనివారం ఇంటికి చేరింది. తడిసిన కోటు కూడా విప్పకుండా కాదిస్‌కి వీడియో ఫోన్ చేసింది. తెర మీద బెల్త్రాన్ వచ్చాడు. ముందుపన్ను ఊడింది. నోట్లోంచి వేలు తీసి అడిగాడు.

"అమ్మమ్మా, నువ్వెప్పుడొస్తావ్?"

ప్రతి మాటా అర్థమైంది. పుట్టిన దగ్గర్నుంచి వాడు అన్నవాటిలో ఆవిడకి పూర్తిగా తెలిసిన మొదటి మాట అది. ఒళ్ళు పులకరించింది, కళ్ళు చెమర్చాయి. వాడు ఆ ఒక్కటే అడిగినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పాఠంలో వచ్చిన ప్రశ్నే. వస్తానని చెప్పడం ఆవిడకెవరూ నేర్పలేదు. ఉద్యోగి ఎక్కడికైనా వస్తానని చెప్పే పాఠం ఆ పుస్తకంలో లేదు. వాడు ఎదురుచూస్తున్నాడు. ఆవిడ నిటారుగా కూర్చుని, ఉన్న ఒక్క జవాబునీ ఒక్క తప్పు లేకుండా, ఎంతో ప్రేమగా చెప్పింది.

"మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది. నిర్ణయం తర్వాత తెలియజేస్తాం."

వాడు వంటింటి వైపు తిరిగాడు.

"అమ్మా, అమ్మమ్మకి మాటలొచ్చాయి," అన్నాడు. "రానంటోంది."